డీసీ నుంచి పిట్స్‌బర్గ్ వెంకన్న దాక మట్టిదారిల సైకిల్: ఎవరన్న పోయిండ్రా?

యాష్‌బర్న్_పెడల్:

అన్నలూ, అక్కలూ, ఒక సలహా కావాలె. పోయినేడు మా అమ్మకు గుండె ఆపరేషన్ అయినప్పుడు, పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి సైకిల్ మీద వస్తనని మొక్కుకున్న. అమ్మ ఇప్పుడు హన్మకొండల నిమ్మలంగ ఉన్నది. ఫోన్ చేసినప్పుడల్ల "మొక్కు ఎప్పుడు తీరుస్తవ్ రా" అని ఒకటే అడుగుడు.

డీసీల ఉన్న జార్జ్‌టౌన్ల మొదలువెడితే సీ అండ్ ఓ కాలువ దారి కంబర్లాండ్ దాక 184.5 మైళ్లు, ఆడికెల్లి గ్రేట్ అలెగెనీ ప్యాసేజ్ పిట్స్‌బర్గ్ దాక 150 మైళ్లు అని చదివిన. దాదాపు మొత్తం మట్టి, కంకర పొడేనట. నా అనుభవమంత డబ్ల్యూ అండ్ ఓడీ తారు దారి మీద పర్సెల్‌విల్ దాక పోయి వచ్చుడు, గంతే. సైకిల్ హైబ్రిడ్, టైర్ల వెడల్పు 32 ఎంఎం. రెండు వేల డాలర్లు పెట్టి గ్రావెల్ బైక్ కొనకుంటే నడుం ఇరుగుతదని మా దోస్తు బెదిరిస్తున్నడు.

కొత్త బైక్ కొనాల్నా? కొండలల్ల ఎక్కుడు ఎంత కష్టముంటది? నేను శాకాహారిని, గుడ్డు సుత తినను, దారిల ఏం తినాలె? లీస్‌బర్గ్ కాడ పడవ ఎక్కి నది దాటితే ఇంటికెల్లే మొదలుపెట్టచ్చా? అక్టోబర్ల వారం రోజులు లీవ్ దొరికింది. తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.

ఫ్రెడరిక్_గోదారోడు:

తమ్ముడుగారూ, మీ దోస్తుకి ఓ దండం పెట్టి ఆ రెండు వేలూ బ్యాంకులోనే ఉంచండి. నేనీ దారిని ఏటా తొక్కుతాను, అదీ పాత హైబ్రిడ్ మీదే. మార్చాల్సింది టైర్లండి. 32 నున్న టైర్లు తీసేసి, మీ ఫ్రేములో పడితే 40, లేదంటే 38 వేయించండి, కొంచెం గాట్లున్నవి. టైరుకీ ఫోర్కుకీ మధ్య చిటికెన వేలు సులువుగా దూరాలి. దూరకపోతే అక్కడ బురద ఇరుక్కుని చక్రం తిరగనంటుంది. ఆ ఎర్రమట్టి తడిస్తే మామూలుగా వదిలే రకం కాదు. మడ్‌గార్డులుంటే ఇంట్లో పెట్టి రండి. బట్టలు పాడవుతాయని అవి తగిలించుకొచ్చినవాళ్లే దారి పక్కన కూర్చుని పుల్లలతో మట్టి గోకుతుంటారు. గాలి కూడా రోడ్డు సైకిల్లా రాయిలాగా కొట్టకండి. సామానుతో సహా మీ బరువు చూసుకుని నలభై పీఎస్ఐ దగ్గర మొదలెట్టి, చేతులకి హాయిగా ఉన్నచోట ఆపండి.

ఇక కొండలు. నేను పుట్టింది కోనసీమలో, సైకిల్ నేర్చుకుంది ధవళేశ్వరం నీళ్లు పారే కాలవ గట్టు మీద. ఈ టోపాత్ అచ్చం ఆ గట్టేనండి. ఒకవైపు కాలవ, ఒకవైపు పొటోమాక్ నది, మధ్యలో కంచరగాడిదలు పడవలకి తాడు కట్టి లాగిన బాట. 1828లో తవ్వడం మొదలెట్టి 1850కి కంబర్లాండ్ చేర్చారు. అప్పటికే, 1842లోనే, రైలు అక్కడికి చేరిపోయింది, పాపం. 1924 వరదలతో పడవలు ఆగిపోయాయి. పడవని పైకెత్తే లాకులు 74 ఉన్నాయి. ఎక్కేదంతా ఆ లాకుల దగ్గరే, ఒక్కోచోట ఎనిమిదడుగుల చిన్న గట్టు. లాకుకీ లాకుకీ మధ్య బల్లపరుపు. 184 మైళ్లకీ కలిపి 605 అడుగులు ఎక్కుతారంతే. అయితే బల్లపరుపు దారికి ఓ మెలిక ఉందండి: కాళ్లకి విశ్రాంతి దొరకదు. పల్లం రాదు కాబట్టి పొద్దస్తమానం తొక్కుతూనే ఉండాలి. నొప్పి పుట్టేది తొడల్లో కాదు, సీటు మీద కూర్చునే చోట, అరచేతుల్లో. గంటకోసారి దిగి నాలుగడుగులు నడవండి.

అసలు కొండ కంబర్లాండ్ తర్వాత మొదలవుతుంది. దాదాపు 24 మైళ్లలో 1,750 అడుగులు ఎక్కి, ఈస్టర్న్ కాంటినెంటల్ డివైడ్ (వాన నీళ్లు ఇటు అట్లాంటిక్‌కీ అటు మెక్సికో గల్ఫ్‌కీ విడిపోయే కొండ గట్టు) దగ్గర 2,392 అడుగుల ఎత్తు చేరతారు. వినడానికి భయంగా ఉంటుంది కానీ అది పాత రైలు పట్టాల బాట. ఆవిరి ఇంజన్ నిట్టనిలువు ఎక్కలేదు కదా, అందుకని వాలు ఎక్కడా రెండు శాతం దాటకుండా కొండ చుట్టూ తిప్పుతూ వేశారు. చిన్న గేరులో పెట్టి మాట్లాడుకుంటూ ఎక్కచ్చు. ఫ్రాస్ట్‌బర్గ్‌లో టీ తాగి, బిగ్ సావేజ్ సొరంగం దాటితే డివైడ్ వచ్చేసినట్టే. ఆ సొరంగం చలికాలంలో మూసేస్తారు, అక్టోబర్‌లో తెరిచే ఉంటుంది. అక్కడి నుంచి పిట్స్‌బర్గ్ దాకా నది వెంట, అడవిలో, కనపడని పల్లం.

మీరు చూసుకోవాల్సింది వానండి. బయల్దేరే ముందు మూడు రోజులు ఎగువన ఎంత కురిసిందో చూడండి. ఈమధ్య టోపాత్ మీద చాలాచోట్ల కొత్తగా రాతిపొడి పరిచారు, అక్కడ వాన పడినా పర్లేదు. హాన్‌కాక్ దాటాక మాత్రం పాత మట్టే ఎక్కువ. చెట్ల వేళ్లు, రెండు గాడి చాళ్లు, వాటిలో నీళ్లు. పైగా అక్టోబర్లో ఆ గుంటల్ని ఆకులు కప్పేస్తాయి, లోతెంతో దిగేదాకా తెలియదు. తడిగా ఉంటే బిగ్ పూల్ దగ్గర పక్కనే ఉన్న వెస్టర్న్ మేరీలాండ్ రైల్ ట్రయిల్‌కి మారిపోండి. లిటిల్ ఓర్లియన్స్ దాకా 28 మైళ్లు తారు. "కాలవ మొత్తం తొక్కాలి" అనే పట్టుదల ఉన్నవాళ్లు తిడతారు, తిట్టనివ్వండి. మీ మొక్కు స్వామికి, మట్టికి కాదు.

పా పా సొరంగం మాత్రం వదలకండి. 3,118 అడుగులు, లోపల ఒక్క దీపం లేదు, సైకిల్ దిగి నడవాలి. హెడ్‌లైట్ పట్టుకుని చెయ్యి పక్కనున్న కటకటాల మీద వేయండి. పడవ తాళ్లు ఏళ్ల తరబడి రాసుకుని పడిన గాట్లు వేళ్లకి తగులుతాయి. వేలు పెడితే సగం దిగేంత లోతు కొన్నిచోట్ల.

లీస్‌బర్గ్ పడవ సంగతి: వైట్స్ ఫెర్రీ 2020 డిసెంబర్‌లో ఆగిపోయింది, దాన్ని నమ్ముకుని ప్లాన్ వేయకండి. 15వ నంబరు రోడ్డు మీద పాయింట్ ఆఫ్ రాక్స్ వంతెన దాకా తొక్కుదామనుకుంటారేమో, లారీల పక్కన ఆ ఇరుకు రోడ్డు వద్దండి. మొక్కు నిండుగా ఉండాలంటే ఎవరినన్నా జార్జ్‌టౌన్‌లో దింపమనండి. సున్నా మైలురాయి నదొడ్డునే ఉంటుంది.

రాక్‌విల్_అక్క:

గోదారోడుగారు తిండి సంగతి చెప్పలేదేంటని చూస్తున్నా :) మగవాళ్ల పోస్టుల్లో టైర్లకి రెండు పేరాలు, అన్నానికి సున్నా.

తమ్ముడూ, నేను మా అమ్మాయితో గుడారం వేసుకుని కాలవ దారి చేశాను. దారి పొడవునా హైకర్-బైకర్ క్యాంపులుంటాయి, డబ్బులు కట్టక్కర్లేదు, ముందే చోటు రాయించుకోనక్కర్లేదు, ఒక చోట ఒక్క రాత్రే. బల్ల, పొయ్యి గుంట, ప్లాస్టిక్ టాయిలెట్, చేతిపంపు ఉంటాయి. ఆ పంపు నీళ్లలో అయోడిన్ వేస్తారు, ఆస్పత్రి వాసన. మా అమ్మాయి తాగనంటే నిమ్మకాయ పిండి ఇచ్చాను. నీళ్ల పరీక్షలో తేడా వస్తే పంపు పిడి తీసేస్తారు, అందుకని ఒక క్యాంపుని నమ్ముకుని సీసా ఖాళీ చేసుకోకండి.

తిండికి: చిన్న గ్యాస్ పొయ్యి, ఒక గిన్నె. ఇంట్లోనే ఉప్మా రవ్వ వేయించి, పోపు, ఎండుమిర్చి, జీడిపప్పు, ఉప్పు అన్నీ కలిపి జిప్‌లాక్ సంచుల్లో పూటకొకటి కట్టుకోండి. మరిగే నీళ్లలో పోస్తే అయిదు నిమిషాలు. పులిహోర పేస్టు ఒక సీసా, కందిపొడి, అటుకులు. ఊళ్లలో బన్ను, చీజ్, పీజ్జా దొరుకుతాయి, కానీ బీన్స్ సూప్ అంటే అందులో మాంసం ఉందేమో అడిగి తీరాలి. బ్రన్స్‌విక్, విలియమ్స్‌పోర్ట్, హాన్‌కాక్, కంబర్లాండ్‌లలో సరుకులు నింపుకోవచ్చు. హాన్‌కాక్ నుంచి కంబర్లాండ్ దాకా అరవై మైళ్లలో దాదాపు ఏమీ లేదనుకుని వెళ్లండి.

ఇంకొకటి, సాయంత్రం స్నానం ఉన్నా లేకపోయినా మోకాళ్ల వెనక, నడుం పట్టీ దగ్గర పిడుదులు పట్టాయేమో చూసుకోండి. ఇక్కడి జింక పిడుదులతో లైమ్ జబ్బు వస్తుంది. గట్టు అంచున మూడేసి ఆకుల తీగ కనపడితే అక్కడ కూర్చోకండి, పాయిజన్ ఐవీ, తగిలితే ఒళ్లంతా దురద. అక్టోబర్లో అది ఎర్రబడి చాలా అందంగా ఉంటుంది, ఫొటో కోసం ముట్టుకునేరు!

మన్రోవిల్_మామ:

అబ్బాయ్, నేను గుడికి దగ్గర్లోనే ఉంటాను, 80ల నుంచి. ముందు ఒక మాట. అందరూ డీసీ నుంచి రమ్మంటారు, నన్నడిగితే పిట్స్‌బర్గ్ నుంచి డీసీకి పోవడమే సుఖం. డివైడ్ దాకా తెలియకుండా ఎక్కుతావు, అక్కడి నుంచి కంబర్లాండ్ దాకా 24 మైళ్లు పెడల్ ముట్టకుండా జారుకోవచ్చు. కానీ నీది మొక్కు కాబట్టి స్వామి వైపే రావాల, కాదనను.

మా వైపు దారి గురించి ఆ పెద్దమనిషి ఒక్క వాక్యంలో తేల్చేసినాడు. మయర్స్‌డేల్ దాటినాక శాలిస్‌బరీ వయాడక్ట్ అని 1,908 అడుగుల రైలు వంతెన, కింద క్యాసిల్‌మన్ నది, దాని లోయ అంతా కనబడతాది. కాన్‌ఫ్లూయెన్స్ ఊళ్లో మూడు ఏర్లు కలుస్తాయి, రాత్రికి అక్కడ ఆగు. మరునాడు ఒహయోపైల్ దాకా యాకగేనీ నది పక్కనే అడవి. ఈ దారి మొత్తంలో నాకు అంతకంటే బాగుండే తావు లేదు. మధ్యాహ్నం దాకా ఆడనే కూర్చున్నా తప్పు లేదు. కానల్స్‌విల్ తర్వాత పాత బొగ్గు ఊర్లు, మకీస్‌పోర్ట్ తర్వాత ఉక్కు ఊర్లు. హోమ్‌స్టెడ్‌లో మిల్లు పోయి పొగగొట్టాలు మాత్రం మిగిలినాయి.

మ్యాపులో చూస్తే మకీస్‌పోర్ట్ నుంచి గుడి దగ్గరగా కనిపిస్తాది. ఆ అడ్డదారి వద్దు. ఈ ఊరి రోడ్లు రైలు బాటలు కావు, ఒక్కో ఎక్కుడు గోడ మాదిరి ఉంటాది, పక్కన జాగా ఉండదు. నదులు కలిసే పాయింట్ పార్కు దాకా పోయి దారి ముగించు. ఆడికి నేను వ్యాను తెస్తా, గుడి కొండ కింద దింపుతా.

యాష్‌బర్న్_పెడల్:

అందరికి శనార్తులు, ఇంత రాస్తరని అనుకోలే. అక్కా, రవ్వ ఆలోచన మస్తుగున్నది, మా ఆవిడ ఇప్పటికే సంచులు లెక్కవెడుతున్నది.

మామా, వ్యాన్ల వస్తే మొక్కు తీరినట్టేనా అని ఒక అనుమానం. అమ్మనే అడిగిన. "334 మైళ్లు తొక్కినోనికి ఆ కొద్దిదూరం స్వామి అడుగడు గని, కొండ కింద దిగి సైకిల్ నూకుకుంట నడిచి ఎక్కు" అన్నది. గట్లనే చేస్త. తిరిగి వచ్చుడు రైలేనా?

ఫ్రెడరిక్_గోదారోడు:

అమ్మగారి తీర్పే ఖాయమండి. రైలే. ఫ్లోరిడియన్ పిట్స్‌బర్గ్‌లో తెల్లవారుజామున ఎక్కితే మధ్యాహ్నానికి డీసీ. మీ టికెట్‌తో పాటు సైకిల్‌కి కూడా విడిగా చోటు రాయించుకోవాలి. ఆ చోట్లు కొన్నే ఉంటాయి, అక్టోబర్ వారాంతాలకి ముందే అయిపోతాయి, కాబట్టి ఈ రాత్రే చూడండి. వచ్చే శనివారం ఖాళీ అయితే పాయింట్ ఆఫ్ రాక్స్‌కి కారులో రండి. మొనోకసీ అక్విడక్ట్ (నది మీదుగా కాలవని దాటించే రాతి వంతెన) దాకా వెళ్లొద్దాం, కొత్త టైర్లకి గాలెంత కావాలో అక్కడ తేల్చుకోవచ్చు.

రాక్‌విల్_అక్క:

నేనూ వస్తున్నా. రవ్వ సంచి ఒకటి తెస్తా, పొయ్యి మీరు తెండి.