వైద్య పరికరం నమూనా దగ్గరే ఆగిపోతోంది, ప్రభుత్వం ఏం చేస్తే ముందుకెళ్తుంది?

ప్రశ్న (డిజైన్ విద్యార్థి):
నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఊపిరి ఆగితే వెంటనే హెచ్చరించే చిన్న పరికరం మీద మా బృందం పనిచేస్తోంది. నమూనా తయారైంది, చూసిన డాక్టర్లకు నచ్చింది. కొంటామన్న ఆసుపత్రి మాత్రం ఒక్కటీ లేదు. పరిశోధన గ్రాంట్లు పెంచితే సరిపోతుందా, ప్రభుత్వం చేయాల్సింది ఇంకేమైనా ఉందా?

జవాబు (ఆసుపత్రి బయోమెడికల్ ఇంజనీరు):
గ్రాంటు నమూనా దాకా తీసుకొచ్చి చెయ్యి వదిలేస్తుందండీ. నేను టెండరు కాగితాలు తయారుచేసే వైపు ఉంటాను. "గత మూడేళ్లలో ఇన్ని యూనిట్లు అమ్మి ఉండాలి" అన్న ఒక్క షరతు చాలు, మీలాంటివాళ్లు గుమ్మం దాటలేరు. దాటినా తక్కువ ధర వేసినవాళ్లకే ఆర్డరు. బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుంది, సెన్సరు పోతే కొత్తది ఎన్ని రోజుల్లో పంపుతారు, నర్సులకు ఎవరు నేర్పుతారు, వీటికి మార్కులే ఉండవు. చవగ్గా వచ్చిన మానిటర్లు స్పేర్లు దొరక్క స్టోర్‌రూమ్‌లో మూలపడి ఉంటే కడుపు తరుక్కుపోతుంది.

కాబట్టి ప్రభుత్వం ముందు మంచి కొనుగోలుదారు కావాలి. 2009లో న్యుమోకాకల్ టీకాకు (న్యుమోనియా లాంటి జబ్బుల నుంచి కాపాడేది) ఇదే జరిగింది. ఇటలీ, బ్రిటన్, కెనడా, రష్యా, నార్వే దేశాలు, గేట్స్ ఫౌండేషన్ కలిసి 150 కోట్ల డాలర్లు కేటాయించి, పేద దేశాలకు పనికొచ్చే టీకా ఇస్తే కొంటామని ముందే మాటిచ్చాయి. మరుసటి ఏడాదే పంపిణీ మొదలైంది. కంపెనీలకు ఎక్కువ ముట్టజెప్పారన్న విమర్శ ఉంది, అందులో న్యాయమూ ఉంది. అయినా కొనేవాళ్లు ఉన్నారని తెలిస్తేనే ఫ్యాక్టరీ లైను పెడతారు.

జర్మనీ 2019 చట్టం ఇంకో దారి. ఆరోగ్య యాప్‌కు రుజువులు పూర్తికాకపోయినా తాత్కాలికంగా జాబితాలో చేరుస్తారు. డాక్టరు రాసిస్తే ప్రభుత్వ బీమా డబ్బు కడుతుంది. మామూలుగా 12 నెలల్లో మేలు చూపించాలి, లేదంటే జాబితాలోంచి పోతుంది. మీ పరికరానికి మాత్రం దయచేసి ఈ వెసులుబాటు అడగొద్దు. అలారం మోగకపోతే పోయేది పసిబిడ్డ ప్రాణం. పరీక్షల ఖర్చు ప్రభుత్వాన్ని భరించమనండి, పరీక్షలు తగ్గించమనకండి.

జవాబు (ఐసీయూ నర్సు):
ఇంకో మాట. మానిటర్లో కనిపించే అంకెల్ని గంటగంటకీ కాగితం మీద రాసుకుని, మళ్లీ కంప్యూటర్లో కొడతాం. రెండూ వేర్వేరు కంపెనీలవి, కలవవు. రాత్రి డ్యూటీలో ఒక అంకె తారుమారైతే డోసే మారిపోవచ్చు. కొత్త పరికరం అంటే మాకు ఇంకో స్క్రీన్, ఇంకో పాస్‌వర్డ్ కాకూడదు.

బయోమెడికల్ ఇంజనీరు:
నిజం మేడమ్. అమెరికా 2009లో హైటెక్ చట్టం తెచ్చి, కంప్యూటర్ రికార్డులు వాడే ఆసుపత్రులకు, డాక్టర్లకు వేల కోట్ల డాలర్లిచ్చింది. 2008లో 10 శాతం ఆసుపత్రుల్లో కూడా లేనివి 2015కల్లా 80 శాతం దాటాయి. కానీ ఒకచోటి రికార్డు ఇంకోచోట తెరుచుకునేది కాదు! సమాచారాన్ని అడ్డుకోవడం తప్పని 2016లో మరో చట్టం చేయాల్సి వచ్చింది. డబ్బిచ్చే రోజే ఆ షరతు పెట్టాల్సింది.

డిజైన్ విద్యార్థి:
మా పరికరం డేటా ప్రస్తుతం మా యాప్‌లోనే కనిపిస్తుంది. మార్చాలా?

బయోమెడికల్ ఇంజనీరు:
మార్చండి. వేర్వేరు కంపెనీల వ్యవస్థలు ఆరోగ్య డేటా ఇచ్చిపుచ్చుకోవడానికి ఎఫ్‌హెచ్‌ఐఆర్ (FHIR) అనే ప్రమాణం ఉంది. అది అందరికీ ఉచితం, ముందు అది చదవండి. తర్వాత స్పేర్లు, శిక్షణ, సర్వీసు మీద ఒక పేజీ రాసి ఇక్కడ పెట్టండి, టెండరు కమిటీ కళ్లతో చూసి చెబుతాను.