స్టీల్ (steal), రాబ్ (rob): ఫోన్ పోతే ఏది రాయాలి?

రైలు ప్రయాణికుడు:
సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలెక్కే తోపులాటలో జేబులోని ఫోన్ ఎవరో కొట్టేశారండి. సీట్లో కూర్చుని తడుముకునే దాకా తెలియలేదు. ఆఫీసుకి 'సమ్‌వన్ రాబ్డ్ మై ఫోన్' అని మెయిల్ పెడితే, మా మేనేజర్ దెబ్బలేమైనా తగిలాయా అని కంగారుపడ్డారు. తప్పు ఎక్కడుంది?

ఇంగ్లిష్ టీచర్:
తేడా వాక్యంలోని కర్మలో (ఆబ్జెక్ట్‌లో) ఉందండి. స్టీల్ తర్వాత పోయిన వస్తువు రావాలి, రాబ్ తర్వాత నష్టపోయిన మనిషో, చోటో రావాలి. 'దే స్టోల్ మై ఫోన్', 'దే రాబ్డ్ మీ', 'దే రాబ్డ్ ద బ్యాంక్'. తెలుగులో ఈ పట్టింపు లేదు. ఇల్లు దోచారంటాం, నగలు దోచుకెళ్లారనీ అంటాం. మన తడబాటుకి కారణం అదే అనుకుంటాను. పదో తరగతి పిల్లలకు బోర్డు మీద రాబ్ పక్కన మనిషి బొమ్మ, స్టీల్ పక్కన గొలుసు గీస్తాను. ఒకసారి ఒక పిల్లాడు 'ఐ వాజ్ స్టోలెన్' అని రాశాడు. అంటే తననే ఎత్తుకుపోయారని అర్థం వస్తుంది!

న్యూజెర్సీ నుంచి:
నా కారు అద్దం పగలగొట్టి ల్యాప్‌టాప్ తీసుకుపోయారు. 911కి ఫోన్ చేసి 'ఐ గాట్ రాబ్డ్' అన్నాను. వాళ్ల దగ్గర ఆయుధం ఉందా, ఇంకా అక్కడే ఉన్నారా అని వరసగా ప్రశ్నలు. పార్కింగ్‌లో నేనొక్కడినే, సీటు నిండా గాజు పెంకులు. మనిషిని కొట్టో, బెదిరించో లాక్కుంటేనే రాబరీ అని ఆ రోజు తెలిసింది.

కోర్టు గుమస్తా:
మన చట్టంలోనూ అంతే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దొంగతనం సెక్షన్ 303, దోపిడీ సెక్షన్ 309. మామూలు దొంగతనానికి మొదటిసారైతే 3 ఏళ్ల దాకా, దోపిడీకి 10 ఏళ్ల దాకా జైలు. అదే హైవే మీద పొద్దుగూకాక, తెల్లారేలోపు జరిగితే 14 ఏళ్ల దాకా. ఐదుగురు, అంతకుమించి కలిసి చేస్తే డెకాయిటీ. మెడలో గొలుసు తెంపుకుపోవడం లాంటి వాటికి 304 కొత్తగా వచ్చింది, స్నాచింగ్ అని. అందుకే ఫిర్యాదులో ఇంగ్లిష్ మాట కోసం వెతుక్కోకండి. తోశారా, కత్తి చూపారా, ఎంతమంది వచ్చారు, ఇవి తెలుగులోనే వివరంగా రాయండి. సెక్షన్ పోలీసులు చూసుకుంటారు.

కిరాణా కొట్టు:
బర్గ్లరీ అని ఇంకో మాట ఉందండి, నాకు డబ్బు పోయాక తెలిసింది. ఆ పేరుతోనే ఇన్సూరెన్స్ కట్టాను. పట్టపగలు గల్లాపెట్టెలో డబ్బు మాయమైతే క్లెయిమ్ రాలేదు. బలవంతంగా లోపలికి చొరబడిన ఆనవాలు ఉండాలట, నా తాళానికి గీత కూడా పడలేదు. పాలసీ తీసుకునేటప్పుడే ఆ షరతు చదవండి.

రైలు ప్రయాణికుడు:
అందరికీ థ్యాంక్స్ అండి. 'మై ఫోన్ వాజ్ స్టోలెన్' అని మళ్లీ రాశాను, దెబ్బలేం లేవని కూడా.