సి ప్రోగ్రామింగ్ ల్యాబ్‌కి స్టూడెంట్ టీఏగా (టీచింగ్ అసిస్టెంట్) అప్లై చేయాలనుంది, కానీ ఫస్టియర్‌లో నాకు ఆ సబ్జెక్టే పోయింది. లెటర్‌లో ఏం రాయాలి?

ఎమ్మిగనూరు అమ్మాయి:

అందరికీ నమస్కారం. నేను కర్నూలులో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాది ఎమ్మిగనూరు, ఇక్కడ సి క్యాంప్ దగ్గర హాస్టల్లో ఉంటాను. పోయిన శుక్రవారం మా డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డులో ఒక కాగితం అంటించారు. ఫస్టియర్ వాళ్ళ కంప్యూటర్ ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో సాయం చేయడానికి థర్డియర్ నుంచి ఆరుగురిని టీచింగ్ అసిస్టెంట్లుగా తీసుకుంటారట. వారానికి రెండు ల్యాబ్‌లు, ఒక్కొక్కటి మూడు గంటలు. ఒక పేజీ లెటర్, మార్కుల మెమో జిరాక్సు ఇవ్వాలి. తర్వాత పది నిమిషాల డెమో ఉంటుంది. లెటర్‌కి బుధవారం ఆఖరు.

నా సమస్య ఏంటంటే, ఫస్టియర్‌లో నాకు పోయింది ఈ సబ్జెక్టే. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్ రెండేళ్ళూ ఎంపీసీ పుస్తకాలు తప్ప కంప్యూటర్ ముట్టుకున్నది లేదు. మొదటి రోజు ల్యాబ్‌లో సిస్టమ్ ఆన్ చేయడం కూడా పక్కమ్మాయిని చూసి చేశాను. ఎలాగో లాక్కొచ్చాను గానీ పాయింటర్స్ (మెమరీలో ఒక విలువ ఏ చోట ఉందో ఆ చోటి నంబరు దాచుకునేవి) దగ్గరికి వచ్చేసరికి ఒక్క ముక్క ఎక్కలేదు. సప్లీలో పాసయ్యాను. ఆ సెలవుల్లో కూర్చుని మొత్తం మొదటి నుంచి చేసుకున్నాను, తర్వాత డేటా స్ట్రక్చర్స్‌లో మంచి గ్రేడే వచ్చింది. ఇప్పుడు సీజీపీఏ 7.6.

హాస్టల్లో జూనియర్లు రాత్రిపూట డౌట్లు తీసుకుని మా రూంకి వస్తుంటారు. చెప్పడం నాకు చాలా ఇష్టం. వాళ్ళు "ఓహ్, ఇదా అక్కా" అన్నప్పుడు ఎంత సంతోషంగా ఉంటుందో చెప్పలేను. అందుకే అప్లై చేయాలనుంది. కానీ మా క్లాసులో 9 దాటినవాళ్ళే పదిమందికి పైగా ఉన్నారు. పోయిన సబ్జెక్టు సంగతి లెటర్‌లో రాయాలా, వదిలేయాలా? డెమోకి ఏ టాపిక్ తీసుకోవాలి? ఇంకో టెన్షన్ కూడా ఉంది. నాన్న మగ్గం నేస్తారు, నాకు తొందరగా ఉద్యోగం రావాలి. వారానికి ఆరు గంటలు దీనికి పెడితే ప్లేస్‌మెంట్స్ ప్రిపరేషన్ దెబ్బతింటుందని ఫ్రెండ్స్ అంటున్నారు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

రాజంపేట కుర్రాడు:

ప్లేస్‌మెంట్ సంగతి మాత్రం చెప్తాను. నేను టీఏ చేయలేదు, మా రూమ్మేట్ చేశాడు. ఇంటర్వ్యూలో వాడిని లింక్డ్ లిస్ట్ (ఒక్కొక్కటి తన తర్వాతిదాన్ని చూపించే వరుస) రివర్స్ చేయమన్నారు. నేను కోడ్ రాసి ఊరుకున్నాను, వాడు బొమ్మ గీసి ఒక్కో బాణం ఎటు తిరుగుతుందో చెప్పుకుంటూ రాశాడు. ఉద్యోగం వాడికొచ్చింది, ఆ రౌండ్‌లో నాకు రాలేదు. ఆరు గంటలు వృథా కావు. అప్లై చెయ్.

అనంతపురం సీనియర్:

చెల్లెమ్మా, నేను అనంతపురంలో చదివేటప్పుడు రెండు సెమిస్టర్లు ఈ పని చేశాను. ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాను. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు. ఇవి అప్పట్లో నాకు ఎవరూ చెప్పలేదు.

ముందు నా తప్పు చెప్తాను. ఫారెన్‌హీట్‌ని సెల్సియస్‌లోకి మార్చే ప్రోగ్రాం నీకు గుర్తుండే ఉంటుంది, ల్యాబ్ మొదలైన రెండు మూడు వారాల్లోనే వస్తుంది. మెకానికల్ బ్రాంచి అబ్బాయి ఒకడు, ఉరవకొండ వైపు నుంచి వచ్చినవాడు, నన్ను పిలిచాడు. ఏ నంబరు ఇచ్చినా జవాబు 0.000000 అనే వస్తోంది. ఫార్ములాలో ముందు 5/9 రాసి, దాన్ని బ్రాకెట్‌తో గుణించాడు. నాకు చూడగానే తెలిసిపోయింది. కీబోర్డు నా వైపు లాక్కుని, 5 పక్కన పాయింట్ జీరో కొట్టి, 98.6 ఇచ్చి రన్ చేసి, "చూడు, 37 వచ్చింది" అని పక్క సిస్టమ్ దగ్గరికి వెళ్ళిపోయాను. అర నిమిషం కూడా పట్టలేదు. ఆ రోజు అలా చాలామందివి సరిచేసి, బాగా పనిచేశాననుకుంటూ హాస్టల్‌కి వెళ్ళాను.

ఇంటర్నల్ ల్యాబ్ పరీక్షలో ఆ అబ్బాయికి మార్కుల పర్సంటేజి కనుక్కునే ప్రోగ్రాం వచ్చింది. 450ని 600తో భాగించి 100తో గుణించాలి. మళ్ళీ సున్నా. పరీక్ష కాబట్టి నేను నోరు విప్పకూడదు. అతను చాలాసేపు ఆ సున్నా వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ పాయింట్ జీరో సంగతి అతనికి గుర్తులేదు. ఎలా గుర్తుంటుంది, అది కొట్టింది నేను కదా.

అప్పటి నుంచి ల్యాబ్‌లో చేతులు వెనక్కి కట్టుకునే తిరిగాను. రెండో సెమిస్టర్‌లో వేరే బ్రాంచి అమ్మాయికి అచ్చం ఇదే తప్పు వచ్చింది. ఈసారి ముందు 107.6 ఇవ్వమన్నాను, అంటే 42 డిగ్రీలు, మన మే నెల ఎండ. సున్నా వచ్చింది. "ఈ జవాబు నమ్ముతావా?" అంటే తల అడ్డంగా ఊపింది. ఫార్ములాలో ఒక్కో ముక్క విడిగా ప్రింట్ చేయమన్నాను. బ్రాకెట్ సరిగ్గానే వచ్చింది, 5/9 దగ్గర సున్నా. అప్పుడు అడిగాను: "ఐదు రూపాయి బిళ్ళలున్నాయి, తొమ్మిది మందికి పంచాలి, బిళ్ళ విరగ్గొట్టకూడదు. ఒక్కొక్కరికి ఎన్ని?" "ఒక్కటీ రాదన్నా." "మరి కంప్యూటర్ ఏమంది?" సి భాషలో రెండూ పూర్ణాంకాలైతే భాగహారంలో పాయింట్ తర్వాతి భాగం పోతుంది, 5.0 అని రాస్తే పోదు. కాసేపు స్క్రీన్ వైపు చూసి, పాయింట్ జీరో తనే పెట్టుకుంది. తర్వాత తనే అడిగింది, "మరి ఆ మిగిలిన ఐదు బిళ్ళలు ఏమైనట్టు?" అని. శేషం ఇచ్చే మాడ్యులస్ ఆపరేటర్ అక్కడికక్కడే చెప్పేశాను. మొత్తం ఓ పది నిమిషాలు పట్టి ఉంటుంది. ఆ పది నిమిషాలూ ఇంకో నలుగురు చేతులెత్తి కూర్చున్నారు, అది నిజమైన కష్టం. వాళ్ళని "అర్థం కాని లైన్ కింద పెన్సిల్‌తో గీత గీసి పెట్టుకోండి, వస్తున్నా" అనేవాడిని. నేను వెళ్ళేసరికి సగం మంది తప్పు వాళ్ళే పట్టుకునేవారు.

డెమోకి పెద్ద టాపిక్ జోలికి వెళ్ళకు. పది నిమిషాల్లో రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) మొత్తం చెప్పాలని చూసి మా బ్యాచిలో ఇద్దరు సగంలోనే ఆగిపోయారు. ఒక్క చిన్న విషయం తీసుకో, నువ్వు ఒకప్పుడు తన్నుకులాడినదైతే మరీ మంచిది. అక్కడ సార్లే ఫస్టియర్ పిల్లల్లా కూర్చుని కావాలని తప్పు జవాబు చెప్తారు. అప్పుడు నువ్వేం చేస్తావన్నదే వాళ్ళు చూసేది. బోర్డు వైపు తిరిగి మాట్లాడకు. ప్రశ్న అడిగాక ఆగు. ఆ నిశ్శబ్దం భరించలేక మనమే జవాబు చెప్పేస్తాం, చెప్పొద్దు.

ల్యాబ్ మేడం:

నేను కడప వైపు ఒక కాలేజీలో పాఠాలు చెప్తాను. స్టూడెంట్ టీఏల ఎంపికలో కూర్చున్న అనుభవం ఉంది కాబట్టి టేబుల్‌కి అవతలి వైపు నుంచి చెప్తున్నానమ్మా.

పోయిన సబ్జెక్టు గురించి తప్పకుండా రాయి. మెమోలో ఎలాగూ కనిపిస్తుంది. మేము చూసి అడిగేలోపు నువ్వే చెప్పడం మర్యాద. రెండు వాక్యాలు చాలు, సంజాయిషీ వద్దు, ఇంటి కష్టాలు వద్దు. పోయింది, పాసయ్యాను, ఈ మధ్యలో ఫలానాది చేశాను. ఆ "ఫలానాది" దగ్గర మాత్రం వివరంగా రాయి. చాలా లెటర్లు "బోధన అంటే నాకు చిన్నప్పటి నుంచి ఎంతో ఆసక్తి" అని మొదలవుతాయి. చదివాక ఆ పిల్లవాడి గురించి మాకేమీ తెలియదు. ఎవరికి, ఏ డౌట్, ఎలా చెప్పావో ఒక్కటి రాస్తే అది మాకు గుర్తుండిపోతుంది. 9.4 ఉన్న పిల్లలు కొందరికి అసలు డౌట్ ఎలా వస్తుందో అర్థం కాదు. వాళ్ళ తప్పు కాదది, వాళ్ళకి ఎప్పుడూ రాలేదు అంతే. నీకు వచ్చింది.

నీ టైంటేబుల్ కూడా జతచెయ్. ఏ పూట ఖాళీయో స్పష్టంగా రాయి. నీ క్లాసు ఎగ్గొట్టి ల్యాబ్‌కి వస్తానంటే మేము ఒప్పుకోము, నీకూ 75 శాతం హాజరు ఉండాలి.

చేరే ముందు ఒకటి అడిగి తెలుసుకో. అబ్జర్వేషన్ పుస్తకంలో సంతకం ఎవరిది, ఇంటర్నల్ మార్కులు వేసేది ఎవరు అని. ఆ పని ఫ్యాకల్టీదే. "నువ్వే వేసేయమ్మా" అని ఎవరైనా అన్నా ఒప్పుకోవద్దు. మార్కులు నీ చేతిలో ఉన్నాయని తెలిస్తే పిల్లలు నిన్ను డౌట్ అడగరు, తెలిసినట్టు నటిస్తారు.

భాష గురించి కూడా బెంగపడకు. ఫస్టియర్‌లో సగం మంది నీలాగే వస్తారు. తెలుగులోనే విడమరిచి చెప్పు, చివర్లో ఆ పదాన్ని ఇంగ్లీషులో వాళ్ళ నోటితో ఒకసారి అనిపించు. వైవాలో ఎక్స్‌టర్నల్ ముందు వాళ్ళకి కావలసింది అదే. ఇంకా, "ఇది చాలా ఈజీ" అనే మాట ల్యాబ్‌లో ఎప్పుడూ అనకు. అది విన్నాక అర్థం కానివాళ్ళు ఇక చెయ్యెత్తరు. ఆడపిల్లలు మగ టీఏని పిలవడానికి మొహమాటపడి మూడు గంటలూ ఊరికే కూర్చోవడం నేను కళ్ళారా చూశాను. నువ్వు అప్లై చేయాలమ్మా.

ప్రొద్దుటూరు టు అమెరికా:

నేను ఇక్కడ ఎంఎస్ చేస్తూ టీఏగా పనిచేస్తున్నాను. ఇక్కడ డిగ్రీ పిల్లలే టీఏలుగా చేయడం మామూలు విషయం. స్టాన్‌ఫర్డ్‌లో మొదటి ప్రోగ్రామింగ్ కోర్సుకి చిన్న చిన్న సెక్షన్లు నడిపేది ఎక్కువగా ఆ కోర్సు చదివి వచ్చిన విద్యార్థులే. మన దేశంలో ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో కూడా బీటెక్ వాళ్ళు చేస్తారు. కాబట్టి మీ కాలేజీ ఏదో కొత్త ప్రయోగం చేస్తోందని భయపడకండి.

మార్కుల విషయంలో మేడం చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఇక్కడైతే ఒకరి మార్కులు వాళ్ళ అనుమతి లేకుండా ఇంకొకరికి చెప్పకూడదని 1974 నుంచి చట్టమే ఉంది. టీఏకి మొదట నేర్పేది అదే.

ఒక్క సలహా. ఇద్దరి ప్రోగ్రాములు అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నా, చాట్‌జీపీటీ రాసినట్టు అనిపించినా, కాపీ కొట్టావా అని అడగకండి. "ఈ లూప్ పదిసార్లు కాకుండా సరి సంఖ్యలకి మాత్రమే తిరిగేలా మార్చు" అనండి. అర్థం చేసుకున్నవాళ్ళు మార్చేస్తారు. మార్చలేకపోతే అక్కడి నుంచి చెప్పడం మొదలుపెట్టండి.

ఎమ్మిగనూరు అమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్. మేడం, మీ రిప్లై మా రూమ్మేట్‌కి కూడా చదివి వినిపించాను. లెటర్ ఇంగ్లీషులో ఇవ్వాలి గానీ ముందు తెలుగులో రాసుకున్నాను. ముఖ్యమైన పేరా ఇది, చూసి చెప్పండి.

"మొదటి సంవత్సరంలో ఈ సబ్జెక్టులో ఫెయిలయ్యాను, సప్లిమెంటరీలో పాసయ్యాను. నాకు అర్థం కానిది పాయింటర్స్. ఆ సెలవుల్లో ప్రతి ప్రోగ్రాముకీ కాగితం మీద మెమరీకి గుర్తుగా గళ్ళు గీసి, గడికో నంబరు వేసి, ఏ వేరియబుల్ ఏ గడిలో ఉందో రాసుకుంటూ చేశాను. కీబోర్డు నుంచి విలువ తీసుకునే స్కాన్ఎఫ్‌లో వేరియబుల్ ముందు ఆంపర్‌సాండ్ (&) ఎందుకు పెడతామో అప్పుడు తెలిసింది. అక్కడ మనం ఇచ్చేది విలువ కాదు, గడి నంబరు. పోయిన నెల హాస్టల్లో ఈసీఈ జూనియర్ ప్రోగ్రాం సెగ్మెంటేషన్ ఫాల్ట్ (మెమరీలో తనది కాని చోటు ముట్టుకున్న తప్పు) అని ఆగిపోతుంటే ఆ గళ్ళ కాగితం, పెన్ను తన చేతికిచ్చాను. ఆంపర్‌సాండ్ మర్చిపోయిన సంగతి తనే పట్టుకుంది. ఈ అవకాశం ఇస్తే ఎంతో కృతజ్ఞురాలినై ఉంటాను."

ల్యాబ్ మేడం:

చివరి వాక్యం తీసేసి, ఖాళీ ఉన్న పూటలు రాయి. మిగతాది ముట్టుకోకు. డెమోకి కూడా ఆ గళ్ళే తీసుకో.

ఎమ్మిగనూరు అమ్మాయి:

ఈ రోజు డెమో అయింది. బోర్డు మీద నాలుగు గళ్ళు గీసి కింద 2000, 2004 అని నంబర్లు వేశాను. అన్న చెప్పినట్టే ఒక సార్ లేచి, "గడిలో ఉన్న విలువ, గడి నంబరు రెండూ ఒకటే కదా" అన్నారు. "కాదు సార్" అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆపుకుని చాక్‌పీసు ఆయనకిచ్చి, 2000 నంబరు గడిలో 5 రాయమన్నాను. రాశారు. ఇప్పుడు దాన్ని చెరిపి 7 రాయమన్నాను. "ఏం మారింది సార్?" అంటే "విలువ" అన్నారు. "మరి నంబరు?" అని అడిగి ఆగాను. ఎంతసేపు ఆగానో తెలియదు, చేతులు వణికాయి. ఆయన "మారలేదు" అన్నారు. ఆంపర్‌సాండ్ దగ్గరికి వచ్చేసరికి టైం అయిపోయింది, ఒక్క లైన్ మాత్రం చెప్పగలిగాను.

లిస్టు సోమవారం పెడతారట. హాస్టల్‌కి వచ్చి నా గళ్ళ కాగితం తిరిగివ్వమని ఆ ఈసీఈ జూనియర్‌ని అడిగాను. తన దగ్గర లేదట, పై ఫ్లోర్ సివిల్ అమ్మాయిలకి ఇచ్చిందట.