ఎడారి సామ్రాజ్యంలో మనుషుల సంస్కృతి: ఎక్కడ మొదలుపెట్టాలి?

కథాచక్రం (ప్రశ్న)

మా గుంపు కోసం డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలతో పాత్రలను నడిపే కథల ఆట) 5వ ఎడిషన్‌లో సొంత ప్రపంచం తయారుచేస్తున్నాను. అందులో పూర్తిగా మనుషులు ఏలే ఎడారి సామ్రాజ్యం ఒకటి ఉంది. ఉత్తరాన ఉప్పు గనులు, దక్షిణాన నది ఒడ్డు పట్టణాలు, మధ్యలో 600 కిలోమీటర్ల ఇసుక, రాళ్ల నేల. రాజధానిలో 20 వేల మంది. ఇప్పటిదాకా రాసుకున్నవి తలపాగాలు, ఒంటెలు, ఒక సుల్తాను, ఒక బజారు. చదివితే సినిమా సెట్టులా ఉంది, జనం కనిపించడం లేదు.

వీళ్లు ఏం తిని బతుకుతారు? చక్రవర్తి మాట అంత దూరం ఎందుకు చెల్లుతుంది? ఇళ్లు, పేర్లు, నేరాలు, పరువు ఇవన్నీ దేన్నుంచి పుట్టించాలి? ఆటగాళ్లు 3వ లెవెల్‌లో (ఇంకా అనుభవం తక్కువున్న పాత్రలతో) మొదలుపెడతారు.

మూలబావి (జవాబు)

ముందు తలపాగాలు పక్కన పెట్టి నీళ్లు ఎక్కడివో తేల్చండి. మీరు అడిగిన ప్రశ్నల్లో సగానికి జవాబు అక్కడే దొరుకుతుంది. మీకు దగ్గరగా సరిపోయే నమూనా ప్రాచీన సహారా జనమైన గరమాంతులు. ఇప్పటి లిబియా నైరుతిలోని ఫెజ్జాన్‌లో, గరమ రాజధానిగా వెయ్యేళ్ల దాకా నిలిచారు. వాళ్లు బతికింది భూమి కింద తవ్విన సొరంగ కాలువల మీద. అక్కడ వాటిని ఫొగ్గారాలంటారు, ఇరాన్‌లో కనాత్‌లు. తెలుగువాళ్లకు దగ్గర్లో చూడాలంటే బీదర్‌లో బహమనీల కాలం నాటి కరేజ్ ఉంది, పద్ధతి అదే.

తవ్వే క్రమం ఇది. కొండ పాదం దగ్గర మూలబావి తవ్వి నీటిమట్టం ఎంత లోతులో ఉందో చూస్తారు. ఆ లోతును బట్టి, నీరు తనంతట తాను నేల మీదికి వచ్చే చోటు పల్లంలో ఎక్కడో లెక్క కడతారు. తవ్వకం మాత్రం ఆ పల్లపు చివర మొదలై మూలబావి వైపు నడుస్తుంది. మట్టి తీయడానికీ గాలి ఆడడానికీ 20 నుంచి 50 మీటర్లకొక నిలువు బావి ఉంటుంది. వాలు వెయ్యి మీటర్లకు ఒక మీటరు అటూ ఇటూ ఉండాలి. ఎక్కువైతే నీటి వేగం అడుగును కోసేసి సొరంగం కూలుతుంది, తక్కువైతే ఒండ్రు పేరుకుంటుంది. వదులు నేలలో కాల్చిన మట్టి వలయాలు నిలబెడతారు. లోపల నూనె దీపం ఆరితే గాలి చెడిందని అర్థం, వెంటనే పైకి రావాలి. పూడిక తీత ఎప్పటికీ ఆగని పని. ఇరాన్‌లోని గొనాబాద్ కనాత్ 33 కిలోమీటర్లు, మూలబావి లోతు 300 మీటర్లకు పైనే.

ఇక మీ రాజధాని లెక్క. ఒక సొరంగం సెకనుకు 20 లీటర్లు ఇస్తే రోజుకు 17 లక్షల లీటర్ల పైచిలుకు. ఎండాకాలంలో ఎకరాకు రోజుకు 8 మిల్లీమీటర్ల తడి కావాలి, అంటే దాదాపు 32 వేల లీటర్లు. కాబట్టి 50 ఎకరాలు తడుస్తాయి, చలికాలపు గోధుమైతే 100. ఎకరాకు ఇద్దరు చొప్పున ఆట కోసం అనుకుంటే ఒక సొరంగం 200 మందికి తిండి పెడుతుంది. 20 వేల మందికి 100 సొరంగాలు. అతిశయోక్తి కాదు, ఫెజ్జాన్‌లో దాదాపు 600 ఫొగ్గారాల ఆనవాళ్లు దొరికాయి.

అధికారం ఇక్కడి నుంచే పుడుతుంది. పర్షియా రాజులు, నీరు లేని నేలకు నీరు తెచ్చినవాడికి ఐదు తరాల పాటు ఆ నేల మీద హక్కు ఇచ్చారని గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ రాశాడు. మీ ప్రభువంశాలను ఈ ఒక్క చట్టం మీద కట్టొచ్చు. నాలుగో తరంలో ఉన్న కుటుంబానికి సింహాసనం మీద ప్రేమ ఎక్కువ, ఐదో తరం వాళ్లకు భయం ఎక్కువ. ఇంకొకటి దాచకండి: గరమాంతుల తవ్వకాల్లో బానిసల చెమట చాలా ఉంది. మీ సామ్రాజ్యంలో ఆ పని ఎవరు చేస్తున్నారో రాయకపోతే కథలో పెద్ద ఖాళీ మిగిలిపోతుంది.

చివరికి గరమాంతులు తోడింది మళ్లీ ఊరని పాతకాలపు భూగర్భజలం. మట్టం దిగేకొద్దీ సొరంగాలు ఇంకా లోతుకు, ఇంకా దూరానికి పొడిగించాలి, పనివాళ్లు పెరగాలి, పండేది మాత్రం పెరగదు. మీ సామ్రాజ్యం ఈ మలుపులో ఏ ఏట ఉందో ముందే నిర్ణయించుకోండి.

ఉప్పుపలక (జవాబు)

పైన చెప్పింది రాజధానికి. 600 కిలోమీటర్ల దారికి వేరే లెక్క ఉంది. బరువుతో ఒంటె రోజుకు 30 నుంచి 40 కిలోమీటర్లు నడుస్తుంది, కాబట్టి గనుల నుంచి నది దాకా 15 నుంచి 20 రోజులు. ఒక్కో ఒంటె 150 కిలోలు మోస్తుంది, అంటే నాలుగు ఉప్పు పలకలు. 30 మంది బిడారుకు, మనిషికి 8 లీటర్ల చొప్పున 10 రోజులకు 2,400 లీటర్లు కావాలి. ఒంటెకు 120 లీటర్లు ఎక్కించినా నీళ్లకే 20 ఒంటెలు పోతాయి. తోలుతిత్తులు చెమర్చి కొంత నీరు ఆవిరవుతుంది, దానికి అదనంగా పట్టాలి. అందుకే బావికి బావికి మధ్య 10 రోజులకు మించి పెట్టకండి, బిడార్లను చలికాలంలోనే నడపండి.

గుర్రం రోజుకు 40 లీటర్లు తాగుతుంది. 10 రోజుల దారికి ఒక్క గుర్రం వెంట మూడు ఒంటెలకు పైగా నీళ్లే మోయాలి, దాణా ఇంకా కలపలేదు. కాబట్టి వెయ్యిమంది గుర్రపు సైన్యం ఎడారి దాటడం కుదరదు. చక్రవర్తి బలం బావుల దగ్గరి చిన్న కోటల్లోనూ, దారి తెలిసిన తెగలతో చేసుకున్న ఒప్పందాల్లోనూ ఉంటుంది.

మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా 1352లో సిజిల్‌మాసా (మొరాకోలోని బిడార్ల పట్టణం) నుంచి 25 రోజులు ప్రయాణం చేసి సహారాలోని ఉప్పు గనుల ఊరు తఘాజా చేరాడు. అక్కడి ఇళ్లు, మసీదు ఉప్పు దిమ్మలతో కట్టినవి, పైకప్పు ఒంటె తోలు. చెట్టన్నది లేదు. గనుల్లో పనిచేసేది మసూఫా తెగవాళ్ల బానిసలు. ఖర్జూరం ఉత్తరం నుంచి, చిరుధాన్యం దక్షిణం నుంచి వస్తేనే వాళ్లకు తిండి. ఒంటె మోపు ఉప్పు ఎడారి దక్షిణపు అంచున ఉన్న వలాతాలో 8 నుంచి 10 మిస్‌ఖాళ్ల (బంగారం తూచే పాత కొలత) బంగారం, మాలీ రాజధానిలో 20 నుంచి 30, ఒక్కోసారి 40. బిడారుకు ముందుగా ఒంటరిగా వెళ్లి వలాతాలో కబురు చెప్పే మనిషి ఉంటాడు. ఆ కబురు అందితే ఊరివాళ్లు నాలుగు రోజుల దారి ఎదురొచ్చి నీళ్లిస్తారు. అతను చేరకపోతే బిడారంతా చావొచ్చు. ఇబ్న్ బతూతా బిడారు ఆ మనిషికి 100 మిస్‌ఖాళ్లు ఇచ్చింది. 3వ లెవెల్ బృందానికి ఇంతకంటే మంచి మొదటి పని నాకు తోచదు.

కథాచక్రం

ఇద్దరికీ ధన్యవాదాలండీ. ఒక సందేహం. మా బృందంలో క్లెరిక్ (దైవశక్తితో మంత్రాలు వేసే పూజారి పాత్ర) ఉన్నాడు, నీళ్లు సృష్టించే 1వ లెవెల్ స్పెల్ (మంత్రం) వేస్తాడు. గుళ్లో అలాంటివాళ్లు పదిమంది ఉంటే ఈ సొరంగాలు, బావుల గొడవ ఎందుకని ఆటగాళ్లు అడుగుతారు కదా?

పాచికలపెట్టె (జవాబు)

లెక్క వేసి చూపించండి, ఒప్పుకుంటారు. ఆ స్పెల్ ఇచ్చేది 10 గ్యాలన్లు, 38 లీటర్లు. పైన చెప్పిన 32 వేల లీటర్ల ఎకరాకు రోజూ 840 సార్లకు పైగా వేయాలి. సేద్యానికి అది ఎందుకూ చాలదు.

బిడారుకు మాత్రం బ్రహ్మాండంగా చాలుతుంది. 3వ లెవెల్ క్లెరిక్‌కు 1వ లెవెల్ స్లాట్లు (రోజుకు ఎన్నిసార్లు స్పెల్ వేయొచ్చో ఆ లెక్క) నాలుగు, 2వ లెవెల్‌వి రెండు. 2వ లెవెల్‌లో వేస్తే 20 గ్యాలన్లు. మొత్తం 80 గ్యాలన్లు, 304 లీటర్లు. రూల్స్ ప్రకారం వేడిలో మనిషికి రోజుకు 2 గ్యాలన్లు కాబట్టి ఒక్క క్లెరిక్ 40 మందిని బతికిస్తాడు. కాకపోతే గాయాలు మాన్పడానికి స్లాటు మిగలదు. దారిలో దొంగలు పడితే ఆ రోజు దాహమా, ప్రాణమా అన్న ఎంపిక అతనిదే. స్పెల్‌ను నిషేధించకండి, ఈ ఇరకాటమే ఆటను నడుపుతుంది.

దీనివల్ల సంస్కృతి ఎలా మారుతుందో కూడా రాయండి. బావులను తాకకుండా ఎడారి దాటగలవాడు ఇలాంటి స్పెల్ వేసేవాడొక్కడే. కాబట్టి పన్ను కట్టని బిడార్లకు, తిరుగుబాటుదారులకు అతనే ప్రాణం. చక్రవర్తి వాళ్లందరి పేర్లూ చిట్టాలో ఎక్కిస్తాడు, ఒక్కొక్కరి వెంట ఒక గుమాస్తాను పెడతాడు. మీ ఆటగాడు ఊళ్లో అడుగుపెట్టగానే మొదటి ప్రశ్న, ఏ గుడి ముద్ర ఉంది?

టేబుల్ దగ్గర లీటర్లు లెక్కపెట్టించొద్దు, రెండో సెషన్‌కే విసుగొస్తుంది. ఒక తిత్తి అంటే ఒక బృందానికి ఒక రోజు. అంతే. తీవ్రమైన వేడి రూల్‌లో తాగునీరు లేనివాళ్లకు ప్రతి గంటకూ కాన్‌స్టిట్యూషన్ సేవ్ (శరీరం తట్టుకుంటుందా అని వేసే పాచిక) ఉంటుంది, మొదట డీసీ (పాచికతో అందుకోవాల్సిన అంకె) 5, గంటగంటకూ ఒకటి పెరుగుతుంది. మందపాటి బట్టలకు డిసడ్వాంటేజ్ (రెండుసార్లు పాచిక వేసి తక్కువది తీసుకోవడం) అని కూడా ఉంది. వదులు ఉన్ని అంగీని అందులో కలపకండి, ఎడారివాళ్లు దాన్ని వేసుకునేది ఎండ తగలకుండా, లోపల గాలి ఆడేలా ఉండడానికే.

మూలబావి

ఇళ్లు, పేర్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి ఇదీ రాస్తాను. నీరు బయటికొచ్చే చోట ముందు తాగేందుకు పట్టుకుంటారు, తర్వాత స్నానశాలలు, ఆ తర్వాత తోటలు, చివరికి పొలాలు. ఒమాన్‌లో ఫలజ్‌లనే ఇలాంటి కాలువల్లో ఇప్పటికీ ఇదే వరస. నగరపటాన్ని ఎత్తు నుంచి పల్లానికి గీయండి, ఎగువన కలవారు, దిగువన లేనివారు. ఎగువన బట్టలుతకడం పెద్ద నేరం.

నీటి వంతులు కాలంతో కొలుస్తారు. అడుగున సన్నని చిల్లున్న రాగిగిన్నెను పెద్ద పాత్రలోని నీటి మీద వదిలితే అది మునిగేంతసేపు ఒక వంతు. మన గడియకుడుక పని కూడా అదే, అందులో గడియ 24 నిమిషాలు. ఇరాన్‌లో ఈ వంతులు వారసత్వంగా చీలుతాయి, నేలతో పని లేకుండా అమ్ముడుపోతాయి. మీ కట్నాలు, జూదాలు, జరిమానాలు గిన్నెల్లోనే చెప్పించండి. గిన్నె చిల్లును మైనంతో కొంచెం పూడ్చినవాడికి ఏ శిక్ష పడుతుందో రాస్తే ఆ జనం విలువలేమిటో బయటపడతాయి. మన పల్లెల్లో చెరువు నీరు పంచే నీరటికాడిలా, వంతులు చూసే మనిషికి ఊళ్లో భయమూ భక్తీ రెండూ ఉంటాయి. అతన్ని పేరున్న పాత్రగా చేయండి.

పేర్లకు ఒకే ధ్వని కట్టు పెట్టుకోండి. ఒకడు ఇబ్రహీం, పక్కవాడు డరియస్ అయితే చరిత్ర తెలిసినవాళ్లకు వెంటనే తగులుతుంది. మన ఇంటిపేర్ల పద్ధతిలోనే ముందు నీటి పాయ పేరు, తర్వాత సొంత పేరు పెడితే మనిషి ఏ నీటివాడో వినగానే తెలుస్తుంది.

ఇళ్లు ఎండబెట్టిన ఇటుకవి. ఖర్జూరపు దూలం మూడు మీటర్లు దాటి నిలవదు కాబట్టి గదులు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. పెద్ద హాలు కావాలంటే గుమ్మటం గీయండి. కట్టెలు అరుదు, పేడ పిడకలు, ఖర్జూరపు మట్టలే వంటచెరకు. అందుకే పలుచటి రొట్టెలు, అందుకే ఇనుము ప్రియం. మీ కావలివాళ్లకు ప్లేట్ ఆర్మర్ (ఒళ్లంతా కప్పే ఇనుప కవచం) తీసేసి తోలు, మెత్తటి పొరల కవచం ఇవ్వండి.

యుద్ధానికి ఒక నిజమైన ఎత్తు: క్రీ.పూ. 209లో సెల్యూకిడ్ రాజు మూడో ఆంటియోకస్ ఎడారి మీదుగా వస్తుంటే, పార్థియా రాజు అర్సాకీస్ గుర్రపువాళ్లను పంపి ఈ సొరంగాల బావులను పాడుచేయించాడు. ఆంటియోకస్ వెయ్యిమంది గుర్రపువాళ్లను ముందే తోలి వాళ్లను తరిమించాడు. మీ బృందాన్ని ఏ పక్షాన పెట్టినా, రాత్రికి రాత్రి ఎన్ని బావులు కాపాడగలరన్నదే ఆ సెషన్. పటం మీద బావులకు అంకెలు వేసి ఇవ్వండి, ఏవి వదులుకోవాలో ఆటగాళ్లే తేల్చుకుంటారు.