తీర్మానమా, బిల్లా? అమెరికా ఎమర్జెన్సీల మీద ఓటింగ్ వార్తలు రాసేటప్పుడు (2025 చివర్లో ఒక గ్రూపులో సాగిన చర్చ)

డెస్క్ మనిషి:
సభ్యులందరికీ నమస్కారం. బ్రెజిల్ సరుకు మీద సుంకాలు వెయ్యడానికి ట్రంప్ ఒక ఎమర్జెన్సీ ప్రకటించారు కదా, 2025 అక్టోబరు 28న అమెరికా పై సభ సెనేట్‌లో దాని మీద ఓటింగ్ జరిగింది. దాన్ని ఎత్తేయాలన్నవాళ్ళు 52–48తో నెగ్గారు. ట్రంప్ సొంత పార్టీ వాళ్ళే ఐదుగురు అటు ఓటేశారు. ఇలాంటి వార్తకు మా డెస్కులో మామూలుగా పడే శీర్షిక ‘ఎమర్జెన్సీ రద్దుకు సెనేట్ తీర్మానం’.

భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న మా బావగారు పొద్దున్నే ఫోన్ చేశారు. “బ్రెజిల్‌ది ఎత్తేశారటగా, ఇక మనదెప్పుడు?” అని. ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతం అయింది కదా, ఆయన టెన్షన్ ఆయనది. ఇంకా ఏమీ ఎత్తెయ్యలేదు బావగారూ, కింది సభ కూడా ఒప్పుకోవాలి, ఆపైన ట్రంప్ సంతకం పెట్టాలి అన్నాను. “ఎవరి మీద తీర్మానం చేశారో ఆయనే సంతకం పెట్టాలా? మరదేం తీర్మానం?” అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. ఇక్కడ ఏ మాట వాడాలంటారు? తీర్మానమా, బిల్లా? రద్దా, ఎత్తివేతా? ఇంకో చిక్కు కూడా ఉంది. అమెరికా పార్లమెంటు పేరు కాంగ్రెస్ కదా, ‘ఎమర్జెన్సీ వద్దంటూ కాంగ్రెస్ ఓటు’ అని రాస్తే మన పాఠకుడికి ఇందిరమ్మ కాలం గుర్తొస్తుంది.

డాలస్ నుంచి:
ఆ చివరిది చదివి నవ్వాపుకోలేకపోయానండీ. ‘అమెరికా పార్లమెంటు’ అంటే తప్పేమీ లేదు, అందరికీ తెలుస్తుంది.

సభల్లో ఓటింగు వల్ల నిజంగా ముగిసిన ఎమర్జెన్సీ ఒకటుంది, కోవిడ్‌ది. ట్రంప్ 2020 మార్చి 13న ప్రకటించారు. 2023 ఫిబ్రవరి 1న కింది సభలో 229–197, మార్చి 29న సెనేట్‌లో 68–23తో ముగింపు తీర్మానం నెగ్గింది. ఏప్రిల్ 10న బైడెన్ సంతకం పెట్టారు. అక్కడి ఎమర్జెన్సీల చట్టం కింద పార్లమెంటు పూనుకొని ముగించిన మొదటి ఎమర్జెన్సీ అదే. అప్పుడు మా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల, రేపట్నుంచి టెస్టులకు డబ్బులు కట్టాలా అని. అది వేరే ఎమర్జెన్సీ! ఆరోగ్య శాఖ విడిగా పెట్టిన ప్రజారోగ్య ఎమర్జెన్సీ మే 11 దాకా నడిచింది. తెలుగులో రెండింటినీ ‘కోవిడ్ అత్యవసర పరిస్థితి’ అనే రాసుకున్నాం.

కోర్టు పక్షి:
డెస్క్ మనిషిగారూ, మీ బావగారు సరిగ్గా కీలకం దగ్గరే పట్టుకున్నారు. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మన 352వ అధికరణం చూడండి. 1978లో 44వ సవరణ వచ్చాక, ఎమర్జెన్సీ ప్రకటనను లోక్‌సభ మామూలు మెజారిటీతో కాదంటే చాలు, రాష్ట్రపతి దాన్ని వెనక్కి తీసుకొని తీరాలి. సభ్యుల్లో పదో వంతు మంది నోటీసిస్తే 14 రోజుల్లోగా ప్రత్యేకంగా సభ పెట్టాలి. సభలు ఒకసారి ఒప్పుకున్నాక కూడా ఆరు నెలలకు అది దానంతటదే పోతుంది. ఉంచాలంటే రెండు సభలూ మళ్ళీ ఓటెయ్యాలి, అదీ హాజరై ఓటేసినవాళ్ళలో మూడింట రెండొంతుల మందితో. అంటే మన దగ్గర ఎమర్జెన్సీ నిలవడానికి ఓట్లు కావాలి, అమెరికాలో పోవడానికి కావాలి. అక్కడ అధ్యక్షుడు ఏటా ఒక నోటీసు పంపితే ఇంకో ఏడాది నడుస్తుంది. ఆరు నెలలకోసారి సభలు కూర్చొని దీని సంగతి చూడాలని చట్టంలో ఉంది గానీ, దశాబ్దాల పాటు దాన్ని పట్టించుకున్నవాడే లేడు.

ఇక తీర్మానం సంగతి. 1976లో ఫోర్డ్ సంతకంతో నేషనల్ ఎమర్జెన్సీస్ యాక్ట్ వచ్చింది. అంతకు ముందు సెనేట్ కమిటీ ఒకటి తవ్వి చూస్తే నాలుగు ఎమర్జెన్సీలు ఇంకా బతికే ఉన్నాయి: 1933లో బ్యాంకుల కోసం రూజ్‌వెల్ట్ పెట్టింది, 1950లో కొరియా యుద్ధానికి ట్రూమన్ పెట్టింది, 1970 తపాలా సమ్మెకూ 1971 విదేశీ చెల్లింపుల చిక్కుకూ నిక్సన్ పెట్టినవి. అందుకే కొత్త చట్టంలో, రెండు సభలూ కంకరెంట్ రిజల్యూషన్ చేస్తే ఎమర్జెన్సీ పోతుందని రాశారు. దానికి అధ్యక్షుడి సంతకంతో పనిలేదు. మనవాళ్ళు తీర్మానం అనగానే అనుకునేది అదే.

1983లో చద్దా కేసు వచ్చింది. కెన్యాలో పుట్టిన భారత సంతతి విద్యార్థి. వీసా గడువు దాటితే, దేశం నుంచి పంపొద్దని అధికారులు నిర్ణయించారు. కింది సభ ఒక్కటే ఓటేసి ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. అలా కుదరదు, చట్టంలా పనిచేసేది ఏదైనా రెండు సభలూ దాటి అధ్యక్షుడి ముందుకు వెళ్ళాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో 1985లో ఎమర్జెన్సీ చట్టంలో కంకరెంట్ తీసేసి జాయింట్ రిజల్యూషన్ అని మార్చారు. దీనికి సంతకం కావాలి, వీటో ఉంది. తెలుగులో అప్పుడూ ‘ఉమ్మడి తీర్మానం’, ఇప్పుడూ ‘ఉమ్మడి తీర్మానం’!

2019లో ఏమైందో చూడండి. మెక్సికో సరిహద్దులో గోడ కట్టడానికి ట్రంప్ ఎమర్జెన్సీ పెట్టారు. కింది సభలో 245–182, సెనేట్‌లో 59–41తో దాన్ని ఎత్తేయాలన్నారు. సెనేట్‌లో సొంత పార్టీ వాళ్ళు పన్నెండు మంది కలిశారు. మర్నాడే వీటో. దాన్ని దాటడానికి మూడింట రెండొంతులు కావాలి, కింది సభలో 248–181 దగ్గర ఆగిపోయింది. అదే ఏడాది సెప్టెంబరులో మళ్ళీ నెగ్గారు, అక్టోబరులో మళ్ళీ వీటో. పాత పద్ధతే ఉండుంటే మార్చిలోనే అయిపోయేది. నా ఓటు ‘రద్దు బిల్లు’కే.

పాత మాస్టారు:
బిల్లు అనడానికి నాకు మనసొప్పడం లేదు నాయనా. వాళ్ళకు బిల్లులు వేరే ఉన్నాయి. తీర్మానమే ఉంచి, పక్కన ‘అధ్యక్షుడి సంతకం కావాలి’ అని ఒక ముక్క చేరిస్తే ఏం పోయింది?

నన్నడిగితే చెడగొడుతున్నది ‘పరిస్థితి’ అన్న మాట. మా రోజుల్లో ‘ఆత్యయిక పరిస్థితి’ అని రాసేవారు. ఆత్యయికం పాత మాటే, కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఉంది. ఆత్యయికమైన పని పడితే రాజు మంత్రులనీ మంత్రిపరిషత్తునీ పిలిచి చెప్పాలట. ఎక్కువమంది ఏదంటే అదిగానీ, పని నెరవేరే మార్గం ఏదైతే అదిగానీ చెయ్యాలట. ఆ రెండో వెసులుబాటు గమనించారా? రాజులు ఎప్పుడైనా రాజులే.

కార్టర్ 1979 నవంబరు 14న ఇరాన్ మీద ప్రకటించిన ఎమర్జెన్సీని నేటికీ ఏటా పొడిగిస్తూనే ఉన్నారు. నలభై ఆరేళ్ళు నడిచేదాన్ని పరిస్థితి అంటామా? అక్కడ ముగిసేది, పొడిగించేది ప్రకటన. ‘ఎమర్జెన్సీ ప్రకటన రద్దు’ అనండి. మనకూ ఈ పాఠం ఉంది. 1975లో ఎమర్జెన్సీ పెట్టేనాటికి 1971 డిసెంబరు యుద్ధం నాటి ప్రకటన ఇంకా అమల్లోనే ఉంది. యుద్ధం రెండు వారాల్లో అయిపోయింది, ప్రకటన మాత్రం 1977 మార్చి దాకా పోలేదు.

డాలస్ నుంచి:
మాస్టారూ, ఆ పాతవి ఎందుకు పోవో 2023 జులైలో తేలిపోయింది. ఇరాక్, సిరియా, లిబియా, యెమెన్, కాంగో మీద ఉన్న ఐదింటినీ ఎత్తేద్దామని కింది సభలో ఓటింగ్ పెట్టారు. ఐదూ ఓడిపోయాయి. ఎందుకంటే 1977 నాటి ఇంకో చట్టం ప్రకారం పెట్టే ఆంక్షలు, ఆస్తుల స్తంభనలు ఎమర్జెన్సీ ప్రకటన మీదే ఆధారపడి ఉంటాయి. ప్రకటన తీస్తే వాటికి ఆధారం పోతుంది. ఫలానా వాళ్ళ ఆస్తులు వదిలేద్దామని చెయ్యెత్తేది ఎవరు?

డెస్క్ మనిషి:
ఓహో. మరి మా బావగారి రొయ్యలు ఏ ప్రకటన కింద ఉన్నాయి?

కోర్టు పక్షి:
భారత్ పేరుతో ఏ ఎమర్జెన్సీ లేదండీ. సగం, అంటే 25 శాతం, ఏప్రిల్‌లో వాణిజ్య లోటు పేరుతో పెట్టిన ప్రకటన నుంచి వచ్చింది. మిగతా 25 రష్యా చమురు కొంటున్నామని, బైడెన్ హయాంలో రష్యా మీద పెట్టిన ప్రకటనకు తగిలించారు. కాబట్టి ‘మనది ఎప్పుడు ఎత్తేస్తారు’ అంటే ముందు ఏది అని అడగాలి. లోటు ప్రకటన మీద ఏప్రిల్ 30న సెనేట్‌లో 49–49 వచ్చి ఓడిపోయింది. అక్టోబరు 30న 51–47తో నెగ్గింది. అది ఆగింది కింది సభ దగ్గరే.

అక్కడ మీకు పనికొచ్చే మాట ఒకటుంది. ఇలాంటి తీర్మానం వస్తే కమిటీ 15 క్యాలెండర్ రోజుల్లో తేల్చాలి, తర్వాత మూడు రోజుల్లో ఓటింగ్ జరగాలి. మార్చిలో కెనడా, మెక్సికో, చైనా ప్రకటనల విషయంలో కింది సభ ఒక రూలు పాస్ చేసింది. ఈ సమావేశాల్లో మిగిలిన ఏ రోజునూ ఈ చట్టం కోసం క్యాలెండర్ రోజుగా లెక్కించరాదని! దీన్ని తెలుగులో ఏమంటారు మాస్టారూ?

పాత మాస్టారు:
మూఢం పెట్టారన్నమాట. రోజులు గడుస్తాయి, ముహూర్తం ఉండదు.

డాలస్ నుంచి:
మా అమ్మకు ఇలా చెబితే ఒక్క ముక్కలో అర్థమవుతుంది. శీర్షికలో పెట్టగలరా?

డెస్క్ మనిషి:
పెడితే నన్ను రాశిఫలాల పేజీకి మారుస్తారు. ‘ప్రకటన రద్దు’ మాత్రం ఇవాళే మా డెస్క్ పదాల పట్టికలో చేరుస్తాను. తీర్మానమా బిల్లా అన్నది ఇంకా ఎవరైనా చెప్పేది ఉంటే చెప్పండి, రాత్రి తొమ్మిది దాకా ఇక్కడే ఉంటాను.