జింక వేటకు .223 రైఫిల్ సరిపోతుందా?

మక్తల్ వాసి:
టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు ఈ చలికాలంలో తెల్లతోక జింకల వేటకు వెళ్లాలని లైసెన్సు తీసుకుని, .223 రైఫిల్ కొన్నాడు. అంత సన్నని తూటాకు జింక పడదని, గాయంతో పారిపోయి ఏ పొదల్లోనో చస్తుందని ఒక మిత్రుడు అంటే, తాను ఏటా దానితోనే కొడుతున్నానని ఇంకొకరు అన్నారట. మా తాతగారి నాటు తుపాకి గురించి విన్నది తప్ప నాకేమీ తెలియదు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

నల్లగొండ–కొలరాడో:
ఇద్దరి మాటలోనూ నిజం ఉందండి. .223 అనే అంకె తూటా లావును అంగుళాల్లో చెబుతుంది. నేనుండే కొలరాడోలో .24 అంగుళాల కంటే సన్నని తూటా వాడే రైఫిల్‌తో జింకను కొట్టడం చట్టవిరుద్ధం కాబట్టి నాకు ఈ సందేహమే రాలేదు. టెక్సాస్‌లో సెంటర్‌ఫైర్ (తూటా అడుగు మధ్యలో సూది తగిలి పేలే రకం) రైఫిల్ ఏదైనా చెల్లుతుంది, .223 ఆ రకమే; .22 రిమ్‌ఫైర్ (అడుగు అంచున తగిలి పేలే రకం) మాత్రం తెల్లతోక జింకకు వాడకూడదు.

.223 తూటా సాధారణంగా 55 గ్రెయిన్లు, అంటే సుమారు మూడున్నర గ్రాములు ఉంటుంది. గొట్టం దాటేటప్పుడు దాని శక్తి దాదాపు 1,700 జౌళ్లు; దానికంటే కాస్త పెద్దదైన .243 రైఫిల్‌లో వాడే 100 గ్రెయిన్ల తూటాకు అది 2,600 దాకా ఉంటుంది. అయితే ఈ అంకెల కంటే తూటాను ఎలా తయారుచేశారన్నదే ముఖ్యం. చవకగా దొరికే .223 తూటాల్లో చాలావరకు కొయోటీల వంటి చిన్న జంతువుల కోసం చేసినవి కావడంతో, జింక భుజం ఎముకకు తగిలితే అక్కడే చిట్లిపోయి, లోపలికి దిగకుండా పైపైన పెద్ద గాయం చేసి ఊరుకుంటాయి. మీరు విన్న పారిపోయే జింకల కథలు ఎక్కువగా ఇలాంటివే. పూర్తిగా రాగితో చేసినవో, లోపలి సీసం విడిపోకుండా పైనున్న లోహపు కవచానికి అతికించినవో కొనమనండి. ఇవి పొడవుగా ఉంటాయి కనుక, తూటాను గిర్రున తిప్పే గొట్టం లోపలి గాడుల మెలిక 12 అంగుళాలకు ఒక చుట్టు చొప్పున ఉన్న పాత రైఫిల్‌లో నిలకడగా ఎగరవు.

పాలమూరు ఎన్‌సీసీ:
క్యాడెట్ల చేత .22 కాల్పించిన అనుభవమే తప్ప నాకు వేట తెలియదు. కానీ భుజానికి గట్టిగా తన్నే తుపాకి ఇస్తే కొత్తవాడు కళ్లు మూసుకుని ట్రిగ్గర్ గుంజుతాడని మాత్రం బాగా తెలుసు. .223 అంతగా తన్నదు. గురి కుదరడానికి అదే దాని మేలు. జింక అడ్డంగా నిలబడినప్పుడు, ముందుకాలి వెనుక ఊపిరితిత్తుల చోట, 100 గజాల లోపు నుంచే కాల్చాలి. ఎదురుగా వస్తున్నా, పరుగెత్తుతున్నా వదిలేయాలి. పెద్ద తూటా క్షమించే పొరపాటును ఇది క్షమించదు.

మాగనూరు రైతు:
మా వైపు కృష్ణజింకల మందలు పంట మొలకలను మేసిపోతున్నాయి కాబట్టి, ఈ చర్చ చదివి ఎవరికైనా ఆలోచన రావచ్చు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది. చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. ఇక్కడ ఏ తూటా అన్న ప్రశ్నే లేదు.

మక్తల్ వాసి:
అందరికీ ధన్యవాదాలు. రైఫిల్ గొట్టం మీద 1:8 అని ఉందట, అంటే 8 అంగుళాలకే ఒక చుట్టు కనుక మెలికతో ఇబ్బంది లేదు. రాగి తూటాలు తెచ్చుకుని ముందు కాగితం మీద కాలుస్తానన్నాడు. 100 గజాల దగ్గర తూటాలన్నీ అరచేతి వెడల్పులో పడకపోతే ఈ ఏడాది వేట మానేస్తానని కూడా ఒప్పుకున్నాడు.