రొమేనియా ఎన్నిక రద్దు: రష్యా చెయ్యి ఉందని తేలిందా, లేదా?

అశోక్‌నగర్_రీడింగ్‌రూమ్:
గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. నిన్న రాత్రి రూమ్‌లో పెద్ద గొడవ. 2024 డిసెంబరులో రొమేనియా రాజ్యాంగ న్యాయస్థానం అధ్యక్ష ఎన్నికనే రద్దు చేసింది కదా, అది కరెక్టా కాదా అని. ఒకడేమో "రష్యా టిక్‌టాక్‌లో ఆట ఆడించింది, రద్దు చెయ్యక ఏం చేస్తారు" అంటాడు. ఇంకొకడు "ఓడిపోయేసరికి పెద్ద పార్టీలకి రష్యా గుర్తొచ్చింది" అంటాడు. నేను చదివిన ప్రతి వ్యాసంలోనూ "విదేశీ జోక్యం ఆరోపణల నేపథ్యంలో" అనే ముక్క ఉంది. ఆ ఆరోపణ చివరికి ఏమైందో మాత్రం ఎవరూ రాయరు. రుజువైందా? అక్కడ ఉండేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. వికీ లింకులు మాత్రం వద్దు, చదివేశాను.

కొబ్బరాకు:
ఇందులో ఏముంది బ్రో. అమెరికాకి నచ్చినవాడు గెలిస్తే ప్రజాస్వామ్యం, రష్యాకి నచ్చినవాడు గెలిస్తే జోక్యం. టాపిక్ క్లోజ్.

తందూరీ_తణుకు:
అంత తొందరగా క్లోజ్ అయ్యే టాపిక్ కాదు కొబ్బరాకు గారూ.

మాది తణుకు. బుకారెస్ట్‌లో ఒక ఇండియన్ రెస్టారెంట్‌లో తందూర్ దగ్గర పని. ఇక్కడ నాకు ఓటు లేదు, ఏ పార్టీ వాడూ నాకు చుట్టం కాదు. కానీ ఆ రెండు వారాలూ మా వంటింట్లో వేరే మాట లేదు, కాబట్టి దగ్గరగానే చూశాను.

ముందు తేదీలు చెప్తాను. రద్దు గురించి వాదించేవాళ్లు చాలామంది ఇవి వదిలేస్తారు, అసలు తిరకాసంతా వీటిలోనే ఉంది. నవంబరు 24 ఆదివారం మొదటి రౌండ్. రాత్రి ఎగ్జిట్ పోల్స్‌లో ప్రధాని మార్సెల్ చోలాకు ముందున్నాడు. పొద్దున్న లేచేసరికి, రష్యా అనుకూలుడని పేరున్న కలిన్ జార్జెస్కు దాదాపు 23 శాతంతో మొదటి స్థానంలో ఉన్నాడు. వెనక పార్టీ లేదు. రెండో స్థానం ఎలెనా లాస్కోనిది. రెండో రౌండ్‌కి మొదటి ఇద్దరే వెళ్తారు, చోలాకు ఆవిడ కంటే 2,740 ఓట్లు తక్కువై ఇంటికెళ్లాడు. నవంబరు 28న కోర్టు ఓట్లు మళ్లీ లెక్కపెట్టమంది. డిసెంబరు 2న ఫలితం సరైనదేనని ఆమోదించింది. 4న అధ్యక్షుడు క్లౌస్ యోహానిస్ నిఘా సంస్థల కాగితాలు బయటపెట్టాడు. 6న, నాలుగు రోజుల కింద సరేనన్న అదే కోర్టు, మొత్తం ఎన్నికని రద్దు చేసింది. 8న రెండో రౌండ్ జరగాలి. బయటి దేశాల్లో ఉన్న రొమేనియన్లు అప్పటికే ఓట్లెయ్యడం మొదలుపెట్టారు, వేలమంది వేసేశారు కూడా.

ఇక కాగితాల్లో ఏముంది? ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి. టిక్‌టాక్‌లో దాదాపు 25,000 ఖాతాలు ఎన్నికకి రెండు వారాల ముందు ఒక్కసారిగా లేచాయి. వాటిలో 800 దాకా 2016లోనే తెరిచి, ఎప్పుడూ పెద్దగా వాడనివి. ఒక వ్యక్తి నెల రోజుల్లో వీడియోలు పెట్టేవాళ్లకి 3,81,000 డాలర్లు పంచాడని ఉంది. ఎన్నికల సంస్థల కంప్యూటర్ల మీద 85,000కి పైగా దాడులు జరిగాయని ఉంది. జార్జెస్కు మాత్రం ప్రచారానికి తన ఖర్చు సున్నా అని లెక్క చూపించాడు. మన దగ్గర సర్పంచ్‌గా నిలబడ్డవాడు కూడా ఆ మాట అనడానికి మొహమాటపడతాడు.

మరి రష్యా ఎక్కడుంది? ప్రచారం నడిచిన తీరు ఉక్రెయిన్‌లో రష్యా నడిపిన ప్రచారంలాగే ఉందని రాశారు. కంప్యూటర్ దాడుల వెనక ఒక దేశానికి ఉండేంత స్తోమత కనిపిస్తోందని రాశారు. అంతవరకే. ఫలానా మాస్కో ఆఫీసు నుంచి ఫలానా ఖాతాకి ఇంత పడింది అని చూపించే ముక్క అప్పుడు బయటపెట్టిన పేజీల్లో లేదు. మీ మొదటి రూమ్మేట్‌కి ఇది చెప్పండి.

దీనికి మించిన తమాషా తర్వాత జరిగింది. కాగితాల్లో ఒక హ్యాష్‌ట్యాగ్ ప్రచారం గురించి గట్టిగా రాశారు. ఇన్‌ఫ్లుయెన్సర్లు అభ్యర్థి పేరు చెప్పకుండా "అధ్యక్షుడు ఎలా ఉండాలి" అని మాట్లాడతారు, కింద కామెంట్లలో జార్జెస్కు పేరు మోగిపోతుంది. రద్దయిన రెండు వారాలకి స్నూప్ అనే పరిశోధనా సైటు, పన్ను శాఖ విచారణని ఆధారం చేసుకుని, ఆ ప్రచారానికి డబ్బు కట్టింది నేషనల్ లిబరల్ పార్టీ అని బయటపెట్టింది. యోహానిస్ వచ్చిన పార్టీ అదే! జార్జెస్కు కోసం కట్టలేదని పార్టీ అంది. తమ కోసం వేసుకున్న ప్రచారాన్ని ఇంకెవరో ఎత్తుకుపోయారని అనుకున్నా కూడా, ఎత్తుకుపోయినవాడెవడో తేల్చాలి కదా.

మా వంటింట్లో గిన్నెలు కడిగే ఆవిడ తెలెయోర్మాన్ జిల్లా నుంచి వచ్చింది. నా కంటే పెద్దది, నన్ను పేరు పెట్టే పిలుస్తుంది. కొడుకు స్పెయిన్‌లో లారీ నడుపుతాడు. ఇద్దరూ జార్జెస్కుకే వేశారు. డిసెంబరు 6 ఇక్కడ సెయింట్ నికొలస్ రోజు, ముందు రోజు రాత్రి పిల్లలు బూట్లు తుడిచి పెట్టుకుంటే పొద్దున్నకి మిఠాయిలుంటాయి. ఆవిడ మా అందరికీ చాక్లెట్లు తెచ్చింది. మధ్యాహ్నం రద్దు వార్త వచ్చాక ఫోన్ స్టీలు బల్ల మీద బోర్లించి, "రష్యావాడు నాకేమన్నా డబ్బులిచ్చాడా? గ్యాస్ బిల్లు నేనే కట్టుకున్నాను, ఓటూ నేనే వేశాను" అంది. సాస్‌లు చూసే కుర్రాడు లాస్కోని మనిషి. "నీకివ్వలేదు, నీ ఫోన్‌లోకి వచ్చేవాడికిచ్చారు" అన్నాడు. ఇద్దరి మాటలోనూ తప్పు లేదు, అందుకే ఆ సాయంత్రం సర్వీస్ అయ్యేదాకా ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

నా లెక్కలో ఇవి మూడు వేరు వేరు ప్రశ్నలు. జోక్యం జరిగిందా? జరిగితే దానివల్లే ఓట్లు పడ్డాయా? పడితే ఎన్నికని కొట్టెయ్యడానికి అది చాలా? మొదటిదానికి అనుమానం బలంగా ఉంది. రెండోది ఎవరూ కొలవలేదు. మూడోదానికి కోర్టు నేరుగా వెళ్లిపోయింది.

నిడదవోలు_వకీలు:
తణుకు గారు బాగా చెప్పారు. నేను కోర్టు మనిషిని కాబట్టి ఒక పోలిక. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఇందిరాగాంధీ ఎన్నికని కొట్టేసింది. రాజ్‌నారాయణ్ పిటిషన్ 1971 నాటిది. ఆవిడ ప్రధానిగా ఉండగానే స్వయంగా కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పారు, అవతలి లాయరు ప్రశ్నించాడు. జస్టిస్ జగ్‌మోహన్‌లాల్ సిన్హా రాసిన తీర్పు నచ్చనివాళ్లు కూడా, ఆధారం చూపించలేదని అనలేరు. రొమేనియాలో ఆ పని రోజుల్లో అయిపోయింది.

అయితే రెండో వైపు కూడా చూడండి. నాలుగేళ్లు సాక్ష్యాలు తీసుకుంటూ కూర్చుంటే, తప్పుడు దారిలో వచ్చినవాడు ఆ నాలుగేళ్లూ కుర్చీలోనే ఉంటాడు. రొమేనియా నాటో సభ్యదేశం, పక్కనే ఉక్రెయిన్ యుద్ధం, అధ్యక్షుడే సైన్యానికి సర్వాధికారి. మన ఎన్నికల సంఘం 2017లో ఆర్కే నగర్‌లో, 2019లో వెల్లూరులో డబ్బు పంపకాలు పట్టుబడ్డాయని ఎన్నిక ఆపేసింది. అవి పోలింగుకి ముందు. మీ బుకారెస్ట్ అధికారులు నవంబరు 24కి ముందు నిద్రపోయారు, గొడవంతా అక్కడే మొదలైంది అంటాను.

తందూరీ_తణుకు:
ఒప్పుకుంటాను వకీలు గారూ, ముఖ్యంగా ఆ చివరి మాట. ఇంకో సంగతి. కోర్టు తీర్పులో పట్టుకున్నది ప్రధానంగా రెండు: డిజిటల్ ప్రచారంలో దాపరికం, లెక్కలో చూపని డబ్బు. బయట టీవీలో మాత్రం రష్యా, రష్యా. డబ్బు సంగతే అయితే బ్యాంకు లెక్కలు తెరిచి, అందరి ముందూ అభ్యర్థిని నిలబెట్టి అడగాల్సింది. అప్పుడు మా గిన్నెలావిడ కూడా వినేది. 2025 జనవరిలో యూరప్ మండలికి రాజ్యాంగ విషయాల్లో సలహాలిచ్చే వెనిస్ కమిషన్ కూడా ఇంచుమించు ఇదే చెప్పింది: కేవలం రహస్య నిఘా సమాచారం మీద ఆధారపడి ఎన్నిక రద్దు చెయ్యకూడదు, ఉల్లంఘన ఏమిటో, ఆధారం ఏమిటో స్పష్టంగా చూపించాలని.

అశోక్‌నగర్_రీడింగ్‌రూమ్:
థాంక్స్ అన్నా. మళ్లీ జరిగినప్పుడు ఏమైంది? అప్పుడు జోక్యం గొడవ రాలేదా?

తందూరీ_తణుకు:
రాకుండా ఎలా ఉంటుంది తమ్ముడూ! ఈసారి అటువైపు నుంచి. జార్జెస్కుని మార్చిలోనే పోటీకి అనర్హుణ్ణి చేశారు. 2025 మే 4న మొదటి రౌండ్‌లో, జార్జెస్కుని సమర్థించిన జాతీయవాద నాయకుడు జార్జ్ సిమియోన్‌కి దాదాపు 41 శాతం. మే 18న మాత్రం బుకారెస్ట్ మేయర్ నికుషోర్ దాన్ 53.6 శాతంతో గెలిచాడు. లెక్కల మాస్టారి టైపు మనిషి, అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో రెండుసార్లు బంగారు పతకం. సిమియోన్ ముందు ఓటమి ఒప్పుకుని, తర్వాత ఫ్రాన్స్, మాల్డోవా జోక్యం చేసుకున్నాయి, రద్దు చెయ్యండి అని కోర్టుకెళ్లాడు. మే 22న కొట్టేశారు. గిన్నెలావిడ ఆ వారమంతా నన్ను చూసినప్పుడల్లా "మరి ఇప్పుడు?" అనేది.

మీ రూమ్‌లో వాదనకి పనికొచ్చేది ఇంకొకటి: 2025 సెప్టెంబరులో ప్రాసిక్యూటర్ జనరల్ మీడియా ముందుకొచ్చి, జార్జెస్కు మీద, మరికొందరి మీద రాజ్యాంగ వ్యవస్థని కూలదొయ్యాలని చూశారని అభియోగం మోపాడు. రష్యా ప్రచారయుద్ధం గురించి వివరాలు అప్పుడు పెట్టాడు. అంటే ఎన్నిక రద్దయిన తొమ్మిది నెలలకి. అభియోగం వేరు, తీర్పు వేరు, అది వకీలు గారు మీకు బాగా చెప్తారు. నేను వెళ్లాలి, బొగ్గులు రాజుకున్నాయి.